మన ఎంపీ పనిని దేంతో కొలుద్దాం? బొగ్గు పొడి, ఉక్కు, తీరం: ఢిల్లీలో విశాఖ మాట

జ్ఞానాపురం_వాసి
అందరికీ నమస్కారం. ఇక్కడ పార్టీల గొడవ వద్దు. గెలిచింది ఎవరైనా సరే, మన ఊరి గాలి, నీళ్లు, తీరం విషయంలో వాళ్లు చేసిన పనిని మనం దేంతో కొలవాలి? నా ప్రశ్న అదొక్కటే.

మా ఇంట్లో పొద్దున్న తుడిచిన గచ్చు సాయంత్రానికి నల్లబడుతుంది. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాలి. అమ్మకి ఆయాసం, చలికాలం వస్తోందంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. కాన్వెంట్ జంక్షన్, పాతపోస్టాఫీసు, మల్కాపురం, శ్రీహరిపురం వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ నల్ల పొడి ఎక్కడి నుంచి ఎంత వస్తోందో ఇంట్లో కూర్చుని నేను తేల్చలేను. కొలిచి చెప్పాల్సింది ప్రభుత్వం, చెప్పించాల్సింది మనం ఓటేసిన మనిషి. కొన్నేళ్ల కింద మా వీధివాళ్లం కలిసి ఒక ప్రజాప్రతినిధి ఆఫీసులో కాగితం ఇచ్చాం. ఆ ఏడాది పర్యావరణ దినోత్సవానికి మా వీధిలో మొక్కలు నాటించారు. మొక్కలు నాటడం మంచిదే. మేం అడిగింది మాత్రం ఆ పొడి సంగతి. దానికి ఇప్పటికీ జవాబు రాలేదు.

గాజువాక_రోడ్డు
మా ఇంట్లోనూ ఇదే పరిస్థితి అన్నా. కిటికీలు తీయడం ఎప్పుడో మానేశాం.

మద్దిలపాలెం_లా
ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. చాలా ఊళ్లలో కాలుష్యం అంటే రాష్ట్రం, మునిసిపాలిటీ చూసుకునే సంగతి. విశాఖలో అలా కుదరదు. పోర్టు కేంద్రానిది, 2021 మేజర్ పోర్ట్ అథారిటీస్ చట్టం కింద నడుస్తుంది. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ పెట్రోలియం శాఖ కింద, స్టీల్ ప్లాంట్ ఉక్కు శాఖ కింద ఉన్నాయి. నేవీ సంగతి సరేసరి. పైగా ఊరి నైసర్గిక స్వరూపం ఒకటుంది. ఇటు కైలాసగిరి, అటు యారాడ కొండ, మధ్యలో పల్లం. దాన్నే బౌల్ ఏరియా అంటారు. గాలి కదలని రోజున వచ్చిన పొగ వచ్చినట్టే అక్కడ నిలిచిపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో లెక్కలు తీసినప్పుడు కాలుష్య సూచీలో విశాఖ స్కోరు వందకి 70 దాటింది. 'తీవ్ర కాలుష్య ప్రాంతం' జాబితాలో పెట్టి, 2010లో కొత్త పరిశ్రమలకు అనుమతులు కొంతకాలం ఆపారు కూడా.

అందుకని మన ఊళ్లో వీధి సమస్య అనుకునేది నేరుగా కేంద్ర మంత్రిత్వ శాఖ దాకా వెళ్తుంది. కాలుష్యం విషయంలో ఇక్కడి ఎంపీకి ఉన్నంత పని చాలామంది ఎంపీలకు ఉండదు. జ్ఞానాపురం గారి కాగితం చేరాల్సింది వార్డు ఆఫీసుకి కాదు, పార్లమెంటు ప్రశ్నల విభాగానికి.

పాత_విలేకరి
మద్దిలపాలెం బాబు చెప్పింది నిజం. నేనొక పాత సంగతి చెబుతాను. ఈ ఊరికి ఢిల్లీలో ఎలాంటి గొంతు ఉండేదో కుర్రాళ్లకి తెలియాలి.

1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' ఉద్యమం రేగింది. అక్టోబరు 15న అమృతరావు గారు నిరాహార దీక్షకి కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయని చెప్పుకుంటాం. ఇదంతా అందరికీ తెలిసిందే. తర్వాత మూడున్నరేళ్లు ఏం జరిగిందో మాత్రం తక్కువ మందికి తెలుసు. అఖిలపక్ష కార్యాచరణ సమితిని నడిపించిన తెన్నేటి విశ్వనాథం గారు 1967లో విశాఖ నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచారు. బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కుకి వెళ్లి ఫొటోలు దిగుతామే, ఆ పేరు ఆయనదే. వీధిలో మొదలైన డిమాండును సభలో చల్లారిపోనివ్వకుండా కాచుకున్నారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ విశాఖలో ఉక్కు కర్మాగారం పెడతామని పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన.

ఇంకొకటి గమనించాలి. అప్పటికి పార్టీ ఫిరాయింపుల చట్టం లేదు, అది 1985లో వచ్చింది. ఈరోజు ఓటింగులో ఎంపీ విప్ (పార్టీ ఆదేశం) దాటితే సీటు పోతుంది. 'మా చేతులు కట్టేశారు' అని ఎవరైనా చెబితే ఓటు వరకు నిజమే. ప్రశ్న వెయ్యడానికి, అత్యవసర విషయాలు ఎత్తే జీరో అవర్‌లో లేవడానికి, కమిటీలో అధికారిని నిలదీయడానికి విప్ అడ్డు రాదు. అక్కడ చేతులు కట్టేసినవాళ్లు ఎవరూ లేరు.

ఉక్కునగరం
విలేకరి గారికి నమస్కారం. మా తాతగారి భూమి ప్లాంటుకి పోయింది. నిర్వాసితులకి ఇచ్చే ఆర్ కార్డు ఇంట్లోనే ఉంది. అందుకని ఈ విషయం వచ్చిందంటే నేను ఊరుకోలేను.

2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ మే నెలలో రాష్ట్ర అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. అంతకుముందే ఫిబ్రవరిలో విశాఖ ఉత్తరం ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు గారు రాజీనామా ఇచ్చారు. అది ఆమోదం పొందింది 2024 జనవరిలో. చివరికి 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. ఊపిరి పీల్చుకున్నాం. కానీ మా అసలు జబ్బు సొంత గనులు లేకపోవడం. బయట కొన్న ఖనిజంతో నడిచే ప్లాంటు, సొంత గనులున్న ప్లాంటుతో ధర దగ్గర ఎలా నిలబడుతుంది? ప్యాకేజీతో గనులు రావు కదా. అది గనుల కేటాయింపు విధానంలో తేలాలి. ఎంపీ దీన్ని సెషన్ సెషన్‌కీ వదలకుండా అడగాలి.

ఇంకో మాట. కాలుష్యం గురించి మాట్లాడినప్పుడల్లా 'ప్లాంటు మూసేయండి' అనే దాకా తీసుకెళ్లొద్దు. ప్లాంటు బతకాలి, గాలీ బాగుండాలి. మాకు రెండూ కావాలి.

గాజువాక_రోడ్డు
ఉక్కునగరం అన్నా, మూసేయమని ఎవరూ అనట్లేదు. మా బాబాయ్ ప్లాంటులోనే చేశాడు. చిమ్నీల లెక్క బయట పెట్టమంటున్నాం, అంతే. రాజీనామాలు నాకు నచ్చవు. రాజీనామా చేసినాయన మన తరఫున ప్రశ్న ఎలా వేస్తాడు?

పాత_విలేకరి
రాజీనామా వృథా అనను తమ్ముడూ. 1966లో పదవులు వదిలినవాళ్ల వల్లే ఢిల్లీకి సెగ తగిలింది. ఎప్పుడు వదలాలి, ఎప్పుడు ఉండి పోట్లాడాలి అన్నది సమయాన్ని బట్టి ఉంటుంది. ఈ గాలి సంగతికి మాత్రం ఉండి పోట్లాడేవాళ్లే కావాలి. ఏళ్ల తరబడి సాగే పని ఇది.

గోపాలపట్నం_అక్క
నేను వెంకటాపురం గురించి రాస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి వచ్చింది. 12 మంది పోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. రాష్ట్ర ప్రభుత్వం చనిపోయినవాళ్ల కుటుంబాలకు కోటి చొప్పున ఇచ్చింది. హైపవర్ కమిటీ నివేదిక కూడా వచ్చింది. అంతా అయ్యాక మనం తక్కువగా మాట్లాడుకున్న సంగతి ఒకటుంది. ఉత్పత్తి పెంచుకుంటూ పోయినా దానికి తగిన పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీయే 2019లో అఫిడవిట్‌లో రాసిచ్చింది. అంటే ప్రమాదానికి ఏడాది ముందే ఆ విషయం కాగితం మీద ఉంది. ఆ కాగితం ఏ చట్టసభలోనైనా ఎవరైనా చదివి ఉంటే?

ఇంకోటి చూడండి. పర్యావరణ పరిరక్షణ చట్టం భోపాల్ తర్వాత 1986లో వచ్చింది. దాన్ని ఉల్లంఘిస్తే అయిదేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో జన విశ్వాస్ చట్టం ఆ సెక్షన్ మార్చి, 10,000 రూపాయల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ పెట్టింది. పెనాల్టీ కట్టకపోతేనే జైలు. స్టైరీన్ పీల్చిన ఊరి తరఫున ఆ బిల్లు చర్చలో ఎవరు లేచారు, ఏమన్నారు? లోక్‌సభ వెబ్‌సైట్‌లో చర్చలన్నీ ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. స్థానికంగా పరామర్శకి వచ్చారా లేదా అనే చూస్తాం మనం. చట్టం మారేటప్పుడు ఎక్కడున్నారో కూడా చూడాలి. నాకైతే రెండోదే ముఖ్యం.

ఆసుపత్రి పరామర్శకి విలువ లేదని కాదండి. ఆ రోజు వచ్చి చెయ్యి పట్టుకున్నవాళ్లని ఇక్కడి జనం మర్చిపోలేదు.

మద్దిలపాలెం_లా
అక్కా, జన విశ్వాస్ బిల్లు సంయుక్త కమిటీకి వెళ్లి వచ్చింది. బిల్లు కమిటీలో ఉన్నప్పుడు మామూలు పౌరులు, సంఘాలు కూడా అభిప్రాయాలు పంపే వీలుంటుంది. మనలాంటి ఊళ్ల నుంచి అలాంటివి పోగుచేసి పంపించడం కూడా ఎంపీ పనిలో భాగమే.

ఢిల్లీలో_విశాఖ
నేను ఢిల్లీలో ఉంటాను, పార్లమెంటు పనితో కొంచెం పరిచయం ఉంది. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

లోక్‌సభలో రోజుకి 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు ఉంటాయి. మొదటివాటికి మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. రెండోవాటికి రాతపూర్వక జవాబే. నోటీసు కనీసం 15 పూర్తి రోజుల ముందు ఇవ్వాలి, ఎవరి ప్రశ్న ముందన్నది లాటరీలో తేలుతుంది. ప్రశ్న మామూలుగా 150 మాటలు దాటకూడదు. కోర్టులో ఉన్న విషయం అడగకూడదు. ముఖ్యంగా, కేంద్రం బాధ్యత కాని విషయం అడిగితే తిరస్కరిస్తారు. 'విశాఖలో కాలుష్యం ఎందుకుంది' అని రాస్తే 'ఇది రాష్ట్రానికి సంబంధించింది' అని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. 'విశాఖ పోర్టులో బొగ్గు నిల్వ ఎలా చేస్తున్నారు' అని రాస్తే తప్పించుకోలేరు. పోర్టు వాళ్లదే కదా.

పేపర్లో వచ్చేది జీరో అవర్ ప్రసంగం, టీవీలో వచ్చేదీ అదే. దానికి మంత్రి జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. 377 నిబంధన కింద ఎత్తిన విషయాలకు తర్వాత శాఖ నుంచి ఉత్తరం వస్తుంది. గట్టిది మాత్రం రాతపూర్వక జవాబే. మంత్రి పేరుతో సభ ముందు పెట్టిన అంకె అది. రేపు కోర్టుకి, ట్రిబ్యునల్‌కి వెళ్లినా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. చాలా జవాబులు 'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం' అని ముగుస్తాయి. అది చూసి చాలామంది నిరాశపడతారు. నిజానికి సభ లెక్కలో ఆ మాట ఒక హామీ. 1953 నుంచి లోక్‌సభలో హామీల అమలు కమిటీ ఉంది. మంత్రి ఇచ్చిన హామీ మూడు నెలల్లో నెరవేరాలి, లేకపోతే గడువు పొడిగించమని ఆ కమిటీని అడగాలి. ఎంపీ పట్టు వదలకపోతే ఆ ఫైలు మూసేయడం శాఖకి కష్టం. పని చేసే ఎంపీకీ, ప్రశ్న వేశానని అనిపించుకునే ఎంపీకీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. మొదటివాళ్లు జవాబు వచ్చాక మళ్లీ రాస్తారు.

సైన్స్, పర్యావరణం, అడవులకు కలిపి ఒక స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) ఉంది, రాజ్యసభ కింద నడుస్తుంది. 21 మంది లోక్‌సభ వాళ్లు, 10 మంది రాజ్యసభ వాళ్లు. అందులో మన వేపు ఎంపీ ఎవరైనా ఉంటే బడ్జెట్ పద్దుల సమయంలో కాలుష్య మండలి అధికారులను ముఖాముఖి అడగొచ్చు. ఎంపీ కేంద్రమంత్రి అయితే మాత్రం ప్రశ్నలు వెయ్యరు, ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

జ్ఞానాపురం_వాసి
సార్, ఈ హామీల కమిటీ సంగతి ఇన్నాళ్లూ ఒక్క నాయకుడి నోట వినలేదు. చాలా థాంక్స్ అండి.

మల్కాపురం_మాస్టారు
అందరూ ఢిల్లీ వేపే చూస్తున్నారు. ఎమ్మెల్యేని అలా వదిలేయకండి. పోర్టు కేంద్రానిదే కావచ్చు. నడవడానికి అనుమతి (కన్సెంట్) ఇచ్చేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. ఆ కన్సెంటులో షరతులుంటాయి. నీళ్లు చల్లడం, కప్పడం, లారీల మీద టార్పాలిన్ లాంటివన్నీ అక్కడే రాస్తారు. షరతు అమలైందా అని అసెంబ్లీలో అడగొచ్చు, జిల్లా సమీక్షా సమావేశంలో కలెక్టర్ ఎదుట అడగొచ్చు.

ఇంకోటి, 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనలున్నాయి. వాటి ప్రకారం జిల్లాకొక క్రైసిస్ గ్రూప్, పారిశ్రామిక ప్రాంతానికొక లోకల్ క్రైసిస్ గ్రూప్ ఉండాలి. లోకల్ గ్రూప్ నెలకోసారి కూర్చోవాలి, చుట్టుపక్కల జనానికి ఏ ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చెప్పాలి. రిఫైనరీ పక్కన ఇన్నేళ్లు బడి నడిపాను. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీ మంటలు ఈ ఊరివాళ్లు ఎవరూ మర్చిపోరు, దాదాపు 60 మంది పోయారు. 2013 ఆగస్టులో మళ్లీ కూలింగ్ టవర్ ప్రమాదం. మా పిల్లలకి సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో చెప్పే బోర్డు ఒక్కటి పెట్టించినా ఆ ఎమ్మెల్యేకి చేతులెత్తి దండం పెడతాను. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా పోవాలని, తడిగుడ్డ ముక్కుకి పెట్టుకోవాలని నేనే బ్లాక్‌బోర్డు మీద రాసి చెప్పేవాణ్ణి. అది ఒక మాస్టారి మీద వదిలేసే పనా?

గోపాలపట్నం_అక్క
మాస్టారూ, మీరు చెప్పిన ఆ రెండు ముక్కలు ఆ రోజు వెంకటాపురంలో తెలిసుంటే ఎంత మేలు జరిగేదో.

జాలరిపేట
అందరూ గాలి గురించే రాస్తున్నారు, సముద్రం కూడా ఉంది అన్నల్లారా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మేం వేటకి పోం, చేప గుడ్లు పెట్టే కాలం అని ప్రభుత్వం చెప్పింది, పాటిస్తున్నాం. సముద్రంలోకి వదిలే పైపులకి అలాంటి నిషేధం ఏది? పరవాడ, అచ్యుతాపురం వేపు బోట్లు వేసేవాళ్లు ఒడ్డు దగ్గర చేప తగ్గిందని, దూరం పోవాల్సి వస్తోందని, డీజిల్ ఖర్చు మీద పడుతోందని మొత్తుకుంటున్నారు. పైపుల్లోంచి ఏం పోతోందో కొలిచిన లెక్క మాకు తెలుగులో ఎవరూ చూపించలేదు.

తీరం చట్టం సంగతి కూడా. 2011 నోటిఫికేషన్‌లో ఊళ్ల దగ్గర అలల గీత నుంచి 200 మీటర్లు కట్టడాలు వద్దన్నారు. 2019లో జనం ఎక్కువున్న పల్లెల దగ్గర దాన్ని 50 మీటర్లకి తగ్గించారు. ఇళ్లు కట్టుకోవడానికి మాకే మంచిదన్నారు. రిసార్టులకి కూడా మంచిదే అయింది. ఈ మార్పు వచ్చినప్పుడు మా పేటకి వచ్చి మీకేం కావాలని అడిగిన ప్రతినిధి నాకు గుర్తులేదు. వలలు ఆరేసుకునే ఇసుక కూడా మాకు పనిచేసే చోటే అని వాళ్లకి ఎవరు చెబుతారు?

భీమిలి_రోడ్డు
తీరం మాట వచ్చింది కాబట్టి రుషికొండ కేసు, అంటే కొండ తవ్వి కట్టడాలు కట్టిన కేసు చెప్పాలి. అది చట్టసభ సభ్యుడు రాసిన ఉత్తరంతో కదిలిన వ్యవహారం. అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు గారు హరిత ట్రిబ్యునల్‌కి లేఖ రాశారు, ట్రిబ్యునల్ పనులు ఆపమంది. రాష్ట్రం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2022 జూన్ 1న సుప్రీంకోర్టు ట్రిబ్యునల్ ఆదేశాన్ని పక్కన పెట్టింది. హైకోర్టు అప్పటికే ఇదే విషయం చూస్తోంది కాబట్టి అక్కడే తేలాలంది. పాత కట్టడాలు కూల్చిన చదును నేల మీద తప్ప తవ్విన కొండ మీద కట్టొద్దని కూడా చెప్పింది. ఒక ఉత్తరం అంత దూరం వెళ్లింది. వేరే జిల్లా ఎంపీ రాస్తే ఇంత కదిలింది. మనవాళ్లు అందరూ కలిసి, పార్టీ చూడకుండా రాస్తే ఎలా ఉండేదో ఆలోచించండి.

ఎర్రమట్టి దిబ్బలు ఇంకో సంగతి. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో తమిళనాడులో, శ్రీలంకలో తప్ప మరెక్కడా లేవు. జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా వెళ్లాయి. అయినా 2024 జులైలో అక్కడ యంత్రాలు పెట్టి నేల చదును చేస్తుంటే జనమే గోల చెయ్యాల్సి వచ్చింది. ఇలాంటి చోట్లని కాపాడ్డానికి ప్రత్యేక చట్టం కావాలి. 2022లో గనుల శాఖ ముసాయిదా బిల్లు పెట్టింది, అది అక్కడే ఆగింది. మన ఎంపీ దీని మీద ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు) పెట్టొచ్చు కదా?

ఢిల్లీలో_విశాఖ
పెట్టొచ్చు. ప్రైవేటు బిల్లులు ఇప్పటిదాకా పద్నాలుగే చట్టాలయ్యాయి, ఆఖరిది 1970లో. అలాగని వృథా కాదు. చర్చకి వస్తే ప్రభుత్వం తన వైఖరి ఏమిటో చెప్పాల్సి ఉంటుంది.

సీతమ్మధార
అందరి బాధా అర్థమైంది. నాకొక భయం. ఇప్పుడిప్పుడే ఊరికి పెద్ద కంపెనీలు వస్తున్నాయి. గూగుల్ 2025 అక్టోబరులో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది. మా అమ్మాయి ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్, బెంగళూరు పోకుండా ఇక్కడే ఉండాలని ఆశ. ప్రతిదానికీ పార్లమెంటులో ప్రశ్నలు, కోర్టుల్లో కేసులు అంటే వచ్చేవాళ్లు వెనక్కి పోరా?

మద్దిలపాలెం_లా
మీ భయం న్యాయమైనదే అండి. నాకూ ఇక్కడే ఉద్యోగం కావాలి. కానీ డేటా సెంటర్‌కి కరెంటు, నీళ్లు బోలెడు కావాలి. మనకి ఉన్నవి మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, తాటిపూడి, రైవాడ లాంటి జలాశయాలు. ఎండాకాలంలో కొళాయి ఎన్ని గంటలు వస్తుందో మీకు తెలుసు. ఏ నీళ్లు వాడతారు, శుద్ధి చేసిన మురుగునీరా, సముద్రపు నీరా, కరెంటు ఎక్కడి నుంచి? ఇవన్నీ మొదట్లోనే అడిగితే జవాబు ఒప్పందంలో ఉంటుంది. తర్వాత అడిగితే కేసులో ఉంటుంది. పెట్టుబడి పెట్టేవాళ్లకి కూడా ముందే తెలియడం మేలు.

సీతమ్మధార
ముందే అడగడం అంటే సరే. దానికి నేనూ ఒప్పుకుంటాను.

జ్ఞానాపురం_వాసి
మరి మనమే ఒక ప్రశ్న రాసి ఇద్దామా? పేరు ఎవరిదైనా పర్వాలేదు, పార్టీ ఏదైనా పర్వాలేదు. ఇదిగో నా ప్రయత్నం:

కేంద్ర మంత్రి తెలియజేయగలరా:
(అ) విశాఖ పోర్టులో గత మూడేళ్లలో ఏటా ఎంత బొగ్గు దిగింది, అందులో ఎంత మూసిన షెడ్లలో, ఎంత ఆరుబయట నిల్వ చేశారు;
(ఆ) బొగ్గు పొడి ఆపడానికి పోర్టు పెట్టిన ఖర్చు ఎంత, చేసిన పనులు ఏవి;
(ఇ) జ్ఞానాపురం, వన్‌టౌన్, మల్కాపురం గాలిలో దుమ్ము ఎక్కడి నుంచి ఎంత వస్తోందో అధ్యయనం జరిగిందా;
(ఈ) జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం కింద విశాఖకు వచ్చిన నిధులు, ఖర్చు ఎంత?

ఢిల్లీలో_విశాఖ
చాలా బాగుంది. ఒక్క మార్పు. ఒక ప్రశ్న ఒక శాఖకే వెళ్తుంది, కాబట్టి దీన్ని రెండుగా విడగొట్టాలి. (అ), (ఆ) పోర్టులు, నౌకాయాన శాఖకి. (ఇ), (ఈ) పర్యావరణ శాఖకి.

పర్యావరణ శాఖ ప్రశ్నలో ఇవి చేర్చండి. స్వచ్ఛ గాలి కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో మొదటి నుంచీ విశాఖ ఉంది. మొదట 2024 నాటికి దుమ్ము 20 నుంచి 30 శాతం తగ్గాలన్నారు, తర్వాత 2025-26 నాటికి 40 శాతం అన్నారు. పది లక్షలు దాటిన నగరం కాబట్టి విశాఖకి 15వ ఆర్థిక సంఘం నుంచి గాలి నాణ్యత కోసం విడిగా గ్రాంటు కూడా వచ్చింది. కాబట్టి 'నిధులు ఎంత' అని ఊరుకోకండి. 'లక్ష్యంతో పోలిస్తే విశాఖలో పీఎం10 (గాలిలో తేలే సన్నని దుమ్ము) ఏడాది సగటు ఏటా ఎంత' అని అడగండి. ఏడాది సగటు ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. అంకె వచ్చిందంటే పోల్చుకోవడం ఎవరికైనా సులువు.

మల్కాపురం_మాస్టారు
కొలిచే యంత్రాలు ఎక్కడున్నాయో కూడా అడగండి బాబూ. కేంద్ర మండలి సైట్‌లో జీవీఎంసీ (నగర పాలక సంస్థ) పేరుతో ఒక ఆటోమేటిక్ కేంద్రం కనిపిస్తుంది. అక్కడి గాలి వేరు, రిఫైనరీ గోడ పక్కన మా గాలి వేరు. 'మల్కాపురం, జ్ఞానాపురం, గాజువాకల్లో ఇరవై నాలుగు గంటలూ కొలిచే కేంద్రాలు పెట్టారా, లేకపోతే ఎప్పుడు పెడతారు' అని (ఉ) కింద చేర్చండి.

ఉక్కునగరం
నాది విడిగా ఉక్కు శాఖకి ఒకటి: ప్లాంటుకి సొంత ఇనుప గని కేటాయించే ప్రతిపాదన ఏ దశలో ఉంది, గత అయిదేళ్లలో ఖనిజం కొనడానికి ఏటా ఎంత ఖర్చయింది. గాజువాక తమ్ముడి కోసం దానికిందే, చిమ్నీల్లో ఆన్‌లైన్ మీటర్ల రీడింగులు జనానికి కనిపించేలా పెడతారా అని కూడా రాస్తాను.

గాజువాక_రోడ్డు
థాంక్స్ అన్నా. సంతకాలు మా వేపు నేను చూసుకుంటా.

జాలరిపేట
సముద్రంలోకి వదిలే పైపుల మీద నాది కూడా పెట్టండి. ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎంత దూరం లోపలికి వదులుతున్నారు, నీళ్లు ఎవరు పరీక్షిస్తున్నారు, ఫలితాలు తెలుగులో పెడతారా. నేను రాస్తే భాష సరిగ్గా కుదరదు, ఎవరైనా రాసిపెట్టండి.

మద్దిలపాలెం_లా
నేను రాస్తాను అన్నా. నువ్వు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా మార్చక్కర్లేదు, వరసలో పెడతాను అంతే. పరవాడ, అచ్యుతాపురం అనకాపల్లి లోక్‌సభలోకి వస్తాయి, కాబట్టి ఇది ఇద్దరు ఎంపీలకీ ఇద్దాం.

పాత_విలేకరి
రాజ్యసభ సభ్యులని మర్చిపోకండి, రాష్ట్రం మొత్తానికి వాళ్లు. కాగితం ఇచ్చేటప్పుడు ఆఫీసులో రసీదు అడగండి, ఈమెయిల్ కూడా పెట్టండి. జవాబు వచ్చిన రోజు ఆ జవాబు ఇక్కడ పెడితే పూర్తిగా చదివి, ఎక్కడ తప్పించుకున్నారో గీత గీసి రెండో ప్రశ్న రాయడం నా వంతు.

ఢిల్లీలో_విశాఖ
తర్వాతి సెషన్ తేదీలు రాగానే ఏ శాఖకి ఏ రోజు కేటాయించారో పట్టిక పెడతాను. ఆ రోజుకి 15 రోజుల ముందు నోటీసు పడాలి కాబట్టి దానికి ఇంకో వారం ముందే ఎంపీల చేతికి అందాలి. 150 మాటలు దాటనివ్వకండి.

జ్ఞానాపురం_వాసి
రాత్రికి నాలుగు ప్రశ్నలూ విడివిడిగా టైపు చేసి ఇక్కడ పెడతాను. అంకెల్లో, ఊళ్ల పేర్లలో ఏమైనా తేడా ఉంటే ఆదివారం లోపు చెప్పండి. సోమవారం ప్రింట్లు తీస్తాను. వన్‌టౌన్ వేపు సంతకాలకి ఇంకో ఇద్దరు కావాలి.

గోపాలపట్నం_అక్క
నేను వస్తాను.